నైరుతి స్తంభం నేను ఎత్తలేదు

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు సింగపూర్ పుంగ్గోల్‌లో మా ఇంటికి వస్తే మొదట అడిగేది ఒకటే. "అంకుల్, చెదలకి ఏం మందు కొట్టేవారు?" చెదల గురించి నా దగ్గర చెప్పుకోదగ్గ కథ ఒక్కటీ లేదు. చెదపురుగు తడి ఉన్నచోటికి వస్తుంది, తడి లేకుండా చూసుకుంటే రాదు. అంత నిజాయితీ గల ప్రాణి ఈ వృత్తిలో నాకు మళ్ళీ తగల్లేదు. చెక్క ఇంటిని పాడుచేసేది పురుగు కాదు నాయనా, ఓనరు. దానికి మందు లేదు.

నేను కాకినాడలో సివిల్ డిప్లొమా చదివి, కాంక్రీటు పని చేయించడానికి సింగపూర్ వచ్చినవాణ్ణి. చివరికి జావా నుంచి విప్పి తెచ్చిన టేకు ఇళ్ళని చూసుకుంటూ రిటైరయ్యాను. ఐటీ మంచి ఊపు మీదున్న ఆ రోజుల్లో డబ్బొచ్చిన ప్రతివాడికీ తోటలో ఒక జావా ఇల్లు కావలసి వచ్చింది. ఒకడు అందులో బార్ పెట్టాడు. ఒకడు మసాజ్ పార్లర్ పెట్టాడు. ఒకావిడ తన కుక్కలకి ఇచ్చింది, వాటికి ఆ ఇల్లు నచ్చలేదు. వీళ్ళందరినీ వదిలేసి ఒక్క కిషోర్ ఇంటి సంగతే చెబుతాను. ఈ వృత్తిలో నేర్చుకోవలసింది అంతా అందులోనే ఉంది, నాకు మిగిలిన చెడ్డపేరుతో సహా.

ఇల్లు, ఇచ్చిన మాట

జోగ్లో అంటారు ఆ ఇంటిని. నడిమధ్య నాలుగు పెద్ద టేకు స్తంభాలు. వాటి తలల మీద దూలాల మీద దూలాలు పేర్చి, పైకి వెళ్ళేకొద్దీ మెట్లుమెట్లుగా వెడల్పు చేస్తారు. ఆ పైన ఎత్తైన పెంకుల కప్పు. ఒక్క ఇనుప మేకు ఉండదు. ఒక చెక్క కొసని కూసంగా చెక్కి, ఇంకో చెక్కలోకి దూర్చి, చెక్క శీలతో బిగిస్తారు. స్తంభాలని భూమిలో పాతరు. ఒక్కొక్కటీ ఒక రాతి దిమ్మ మీద నిలబడి ఉంటుంది, పై బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. శీలలు తీస్తే ఇల్లంతా విడిపోతుంది. తీసుకెళ్ళి ఇంకోచోట నిలబెట్టుకోవచ్చు.

దాన్ని చూసుకోవడంలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కప్పు కారకూడదు. స్తంభం పాదం పొడిగా ఉండాలి. గాలి ఆడాలి. ఏటా ఒకసారి పొగాకు, లవంగాలు, అరటి బోదె ముక్కలు నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళతో చెక్కంతా తుడవాలి. జావాలో ముసలమ్మలు చేసే పని ఇది. నేనూ అదే చేశాను. మిగతా రోజులన్నీ మనుషులని దానికి దూరంగా ఉంచడమే ఉద్యోగం.

కిషోర్‌ది గుంటూరు వైపు. వయసులో నాకంటే బాగా చిన్న. తెలివైనవాడే, కష్టపడ్డవాడే, అది కాదనను. సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి, వన్-నార్త్ ఐటీ పేట పక్కన చెట్ల మధ్య తెల్లదొరల కాలం నాటి బంగళా లీజుకు తీసుకున్నాడు. క్లయింట్లు వస్తే కూర్చోబెట్టడానికి దాని పెరట్లో జోగ్లో కావాలన్నాడు. ఇద్దరం కలిసి జావా వెళ్ళాం. కుదుస్ దగ్గర ఒక ఊళ్ళో, బు వార్సి అనే పెద్దావిడ ఇల్లు కుదిరింది. ఆవిడ కొడుకులు పక్కనే కాంక్రీటు ఇల్లు లేపుతున్నారు, పాతదాన్ని వదిలించుకుందామని తొందర వాళ్ళకి. అంతకుముందే కలప వ్యాపారులు వచ్చి అడిగితే ఆవిడ ఒప్పుకోలేదట. మాకు టీ ఇచ్చి ఒక్కటే మాట అంది. దాన్ని మధ్యవర్తి నాకు ఇంగ్లీషులో చెప్పాడు. "కోయకండి. ఇల్లు ఇల్లుగానే ఉండాలి."

కొయ్యబోమని మాట ఇచ్చింది నేను. కిషోర్ అప్పుడు వాకిట్లో ఫోన్‌లో ఉన్నాడు.

పొగ తాగరాదు

ఇల్లు నిలబెట్టడానికి జావా నుంచి పాక్ రెజో అనే వడ్రంగి వచ్చాడు. గొప్ప పనివాడు, అంతకంటే గొప్ప బడాయికోరు. వాళ్ళ పంచాంగంలో వారానికి ఐదు రోజులట, ఫలానా రోజు కలిసొస్తే తప్ప మొదటి స్తంభం ఎత్తనన్నాడు. ఆ రోజు వచ్చేదాకా మా ఖర్చుతో తిని పడుకున్నాడు. అతని శాస్త్రం మీదా నాకు గౌరవం లేదు, ముందే చెప్పేస్తున్నాను. కాకపోతే అతని శాస్త్రం పని మొదలుపెట్టక ముందు వరకే. మొదలుపెట్టాక శీల ఎక్కడ దిగాలో అక్కడే దిగింది.

ఇల్లు లేచింది. కంపెనీ పిల్లలు మధ్యాహ్నం స్తంభాల పక్కన టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోప్ చేసుకుని, అంటే చోటు ముందే పట్టుకుని మరీ కూర్చునేవారు. అది నాకు సంతోషమే. మనుషులు కూర్చునే చెక్క బాగుంటుంది.

ఇల్లు లేచిన నెలలోనే మొదటిసారి పొగాకు నీళ్ళతో తుడిపించాను. మర్నాటికి ఆఫీసులో గగ్గోలు. తోటలో ఎవరో చుట్టలు కాలుస్తున్నారని ఫిర్యాదు. హెచ్ఆర్ మేడమ్‌కి నేను బకెట్ చూపించాను, వాసన చూపించాను, ఇది పొగ కాదమ్మా తుడుపు అని చెప్పాను. ఆవిడ అంతా విని తలూపింది. మధ్యాహ్నానికి 'పొగ తాగరాదు' అని ఇత్తడి బోర్డు చేయించి, ముందు స్తంభానికి కొట్టించింది, నాలుగు మూలలా నాలుగు ఇనుప మేకులతో. తరాల తరబడి మేకన్నది ఎరగని చెక్క అది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏవమ్మా, ఆ బోర్డు గోడకి కొట్టించొచ్చు కదా," అన్నాను.

"ఇక్కడ గోడ ఎక్కడుంది అంకుల్?" అంది.

నిజమే, జోగ్లోకి గోడల్లేవు. ఆ మేకులు తీయించి, రంధ్రాల్లో టేకు పుల్లలు దిగ్గొట్టి మూసేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. పాక్ రెజో ఇంకా ఊరెళ్ళలేదు. ఈ తతంగమంతా తోటలో చెట్టు కింద నిలబడి చుట్ట కాలుస్తూ చూశాడు.

మీకు చెప్పేదేమిటంటే, చదువుకున్నవాళ్ళకి వివరించి లాభం లేదు. తలూపుతారు. ఆ తలూపుని అంగీకారం అనుకుని ఇంటికెళ్ళి పడుకున్నారో, పొద్దున్నకి మేకు దిగి ఉంటుంది.

సిద్ధాంతి గారు విమానం దిగడం

ఇక అసలు సంగతి. పెద్ద కాంట్రాక్టు ఒకటి చేతిదాకా వచ్చి జారిపోయింది. ఎందుకు జారిందో కంపెనీలో కాఫీ కలిపేవాడికి కూడా తెలుసు. అడిగిన దానికంటే ఆలస్యంగా పని ఇచ్చారు. కిషోర్‌కి మాత్రం అనుమానం ఇంటి మీదకి పోయింది. విజయవాడ నుంచి వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు.

సిద్ధాంతి గారు పట్టుపంచె మీద స్పోర్ట్స్ బూట్లతో దిగారు. జోగ్లో చుట్టూ తిరిగారు. జావా ఇళ్ళన్నీ దక్షిణం చూస్తాయి, ఇదీ అంతే. ఆయన ముక్కు మీద వేలేసుకున్నారు. "యమస్థానం చూస్తోందయ్యా ఇల్లు. ఎలా ఉంటున్నారు ఇందులో?" అన్నారు. అందులో ఎవరూ ఉండటం లేదండీ, మీటింగులు పెడుతున్నారు అన్నాను. నా వంక చూడనైనా చూడలేదు. దక్షిణం వైపు కుండీలు అడ్డంపెట్టి తూర్పు నుంచి రాకపోకలు పెట్టుకోమన్నారు. అక్కడిదాకా నాకేం అభ్యంతరం లేదు, కుండీలు బరువు మోసేవి కావు. తరువాత నీళ్ళ గొట్టంతో మట్టం చూసి తేల్చారు. నేలంతా సమంగా ఉంది, అదే దోషం. నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలి. నైరుతి మూల స్తంభాన్ని బెత్తెడు ఎత్తాలి.

నేను కిషోర్‌ని పక్కకి తీసుకెళ్ళాను. "సార్, నులక మంచం ఒక కోడు కింద ఇటుక పెడితే ఏమవుతుంది? మంచమంతా మెలి తిరుగుతుంది. ఇదీ అంతే. పైన దూలాలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ఒక్క స్తంభం లేపితే కూసాలు చిట్లిపోతాయి. మళ్ళీ కిందకి దించినా అతకవు."

"నాకర్థమైంది మూర్తి గారూ," అన్నాడు. తలూపాడు కూడా. "కానీ ఇది నూట యాభైమంది జీవితాల ఇష్యూ అండీ. మీ వల్ల కాదంటే చెప్పండి, జాక్‌లు తెచ్చి ఒక పూటలో లేపేసేవాళ్ళున్నారు. నిన్ననే మాట్లాడాను."

ఆ జాక్‌ల వాళ్ళు నాకు తెలుసు. కంటైనర్లు లేపే మనుషులు. అందుకని, "నేనే ఎత్తిస్తానండీ," అన్నాను.

నేల లేచింది

మల్లయ్య అని జగిత్యాల వైపు మనిషి, షిప్‌యార్డులో పనిచేసి నా దగ్గరికి వచ్చాడు, నలభై దాటినవాడు. అతన్నీ ఇంకో ఇద్దరినీ పెట్టుకుని, జోగ్లో చుట్టూ తడకలు కట్టించాను, పని జరుగుతోంది ఎవరూ రావద్దని. లోపల చేసిందేమిటంటే, నైరుతి మూల చుట్టూ టేకు పలకలతో ఒక అరుగు కట్టించాను. అరుగు బెత్తెడు ఎత్తు. దాని అంచుని వాలుగా మిగతా నేలలో కలిపేశాను. స్తంభం దాని రాతి దిమ్మ మీద అది ఎలా ఉందో అలాగే ఉంది, పాదం అరుగు కింద దాగిపోయింది. గాలి ఆడటానికి కింద సందులు వదిలాను.

మల్లయ్య పలక పట్టుకుని కాసేపు ఆగాడు. "సార్, గిదేం పని సార్? స్తంభం లేపుమంటే నేల లేపవడ్తిమి."

"అంతే మల్లయ్యా. ఎవరికీ చెప్పకు."

"నేనెవలకు చెప్త సార్? నా మాట ఎవలడుగుతరు?" అని పలక దించాడు.

సిద్ధాంతి గారు మళ్ళీ వచ్చి నీళ్ళ గొట్టంతో కొలిచారు. నైరుతి ఎత్తు. ఆయన మొహం వికసించింది. కొబ్బరికాయ కొట్టి, తూర్పు వాకిట్లో గుమ్మడికాయ కట్టించారు. పై దూలాల వంక ఎవరూ తలెత్తి చూడలేదు. చూస్తే స్తంభం ఎత్తు మారలేదని పసివాడికైనా తెలుస్తుంది. శాస్త్రం చూసేవాళ్ళు గొట్టం చూస్తారు, ఇల్లు చూడరు.

కిషోర్ నా చెయ్యి పట్టుకుని, "స్తంభం లేచినట్టేనా అండీ?" అన్నాడు.

"లేచిందండీ," అన్నాను. పచ్చి అబద్ధం. అందుకు నేను అప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ సిగ్గుపడను. ఇంటికి ప్రమాదం వచ్చినప్పుడు దాన్ని కాపాడే అబద్ధం కూడా పనిముట్టే.

మంచి రోజులు

ఆ తరువాత కంపెనీ పెరిగింది. ఊళ్ళో కంపెనీలన్నీ పెరుగుతున్నాయి, పెరగకుండా ఉండటమే కష్టం ఆ రోజుల్లో. కిషోర్ లెక్కలో మాత్రం ఘనత అంతా స్తంభానిదే. వచ్చినవాళ్ళందరినీ ఆ అరుగు దగ్గరికి తీసుకెళ్ళి చూపించేవాడు. తెలుగు కంపెనీల వాళ్ళు బూట్లు విప్పి, స్తంభానికి చెయ్యి తాకించి కళ్ళకద్దుకునేవారు. ఐఐటీలు చదివిన మనుషులు. సిద్ధాంతి గారికి సింగపూర్‌లో చేతినిండా పని దొరికింది. కండోమినియంలలో కమోడ్లు దిక్కులు మారాయి.

నేను చూస్తూ ఊరుకున్నాను. నాకు కావలసింది ఇల్లు. ఏటా పొగాకు నీళ్ళు, వానల ముందు పెంకులు, శీలలు వదులయ్యాయేమో ఒక తట్టు. ఎక్కడా కూసం చిట్లలేదు, దూలం కదల్లేదు. నా ఉద్యోగంలో నేను గర్వపడే రోజులు అవే. ఆ గర్వాన్ని చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడు, మా ఆవిడ తప్ప. ఆవిడకి కుక్కర్ విజిల్స్ మీదున్న శ్రద్ధ దూలాల మీద లేదు.

టేబుళ్ళ వాడు, క్రాంజీ ఆవిడ

తరువాత గాలి తిరిగింది. ఇద్దరు పెద్ద క్లయింట్లు ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. కంపెనీ ఆర్నెల్లు మూలిగి మూతపడింది. కిషోర్ మనిషి సగమయ్యాడు. బంగళా లీజు వదులుకోవాలి, పెరడు ఖాళీ చేసి ఇవ్వాలి. ఇల్లు ఎక్కడికో ఒకచోటికి పోవాలి.

ముందు ఒక ఫర్నిచర్ వ్యాపారి వచ్చాడు. స్తంభాల మీద పిడికిలితో తట్టి, పాత టేకు, ఒక్కోదానికి రెండేసి డైనింగ్ టేబుళ్ళు వస్తాయన్నాడు. రంపం తెచ్చుకోవడమే తరువాయి. నేను కాళ్ళరిగేలా తిరిగి ఇంకొకరిని పట్టుకొచ్చాను, ఊరి చివర క్రాంజీలో చేపల పెంపకం ఉన్న చైనీస్ ఆవిడ, మేడమ్ లిమ్. తోటకి వచ్చేవాళ్ళకి భోజనశాల కావాలి ఆవిడకి. జోగ్లో అయితే ఇల్లు ఇల్లుగా పట్టుకెళ్ళి నిలబెడతానంది.

ఆవిడ వచ్చిన రోజు కిషోర్ కూడా ఉన్నాడు. ఆవిడ చుట్టూ తిరిగి చూసి, నైరుతి అరుగు దగ్గర ఆగింది. "ఇక్కడే కదా మీరు పోస్ట్ లేపింది? అందరూ చెప్పారు. అలాగైతే నాకొద్దు. జాయింట్లు పోయి ఉంటాయి, నా కస్టమర్ల నెత్తిన పడితే ఎవరు జవాబు చెప్తారు?"

అందరికీ చెప్పింది కిషోరే. అతను నీరసంగా చెయ్యి ఊపాడు. "పోనీయండి మూర్తి గారూ. టేబుళ్ళ వాడికే ఇచ్చేద్దాం."

నాకు బు వార్సి టీ గ్లాసు గుర్తొచ్చింది. ఇప్పుడు నోరు మూసుకుంటే నా పేరు నిలబడుతుంది, ఇల్లు టేబుళ్ళవుతుంది. నోరు విప్పితే ఏమవుతుందో కూడా నాకు బాగానే తెలుసు. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళే.

"మల్లయ్యా, ఆ పలకలు లేపు," అన్నాను.

మల్లయ్య గునపంతో అరుగు విప్పాడు. అడుగున రాతి దిమ్మ, దాని మీద స్తంభం పాదం, పాక్ రెజో కూర్చోబెట్టినప్పటి సున్నం గీత చెదరకుండా ఉంది. మేడమ్ లిమ్ వంగి టార్చి వేసి చూసింది. తరువాత పైన దూలాలు చూసింది, ఒక్కొక్క కూసమూ చూసింది. "ఎవరూ ముట్టుకోలేదు," అంది. "ఓకే, తీసుకుంటాను."

కిషోర్ ఆ రాతి దిమ్మనే చూస్తున్నాడు. "అంటే నైరుతి లేవలేదా?"

"లేవలేదండీ. అప్పుడు మీతో అబద్ధం చెప్పాను."

తిడతాడనుకున్నాను. కొట్టినా కొడతాడేమో అనుకున్నాను. అతను అరుగు పలకల మీద కూలబడి, రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. తల ఎత్తేసరికి ఆ మొహంలో వెలుగు ఉంది. "అమ్మయ్య. ఎక్కడ తప్పు చేశానా, ఎక్కడ తప్పు చేశానా అని ఇన్నాళ్ళూ నిద్రలేదు మూర్తి గారూ. ఇదన్నమాట."

ఉండబట్టలేక అన్నాను. "కంపెనీ వెలిగిన రోజుల్లో కూడా స్తంభం ఇలాగే ఉందండీ."

"అప్పుడు మా సంకల్పం బలంగా ఉంది కదండీ. అది కొన్నాళ్ళు లాక్కొచ్చింది," అన్నాడు.

నా పేరు

వారం తిరక్కుండా ఊరంతా పాకింది. ఉగాది పచ్చడి పంచే చోట నన్ను చూసి ఆంటీలు గొంతు తగ్గించేవారు. "ఆయనేనట. స్తంభం ఎత్తకుండా కంపెనీని ముంచేశాడట." ఉద్యోగాలు పోయినవాళ్ళు కొందరు నాతో మాట్లాడటం మానేశారు. ఆలస్యంగా పని ఇచ్చిన మేనేజర్లతో మాత్రం శుభ్రంగా మాట్లాడేవారు. మళ్ళీ ఒక్క తెలుగువాడు తన ఇల్లు నా చేతిలో పెట్టలేదు.

మా ఆవిడ ఒకటే మాట అంది. "అంత అబద్ధం ఆడినవారు, ఇంకొకటి ఆడలేకపోయారా?"

"ఆడితే కోసేసేవారే," అన్నాను.

"చెక్కేగా," అంది. ఆవిడతో కూడా వాదించి లాభం లేదు.

ఆ ఇల్లు శీల శీలా విడిపోయింది. ఒక్క కూసం చిట్లలేదు. క్రాంజీలో చేపల చెరువుల పక్కన మళ్ళీ లేచింది. మిగిలిన సర్వీసంతా అది, అలాంటివే ఇంకొన్ని చూసుకున్నాను. రిటైరయ్యాక కూడా ఏటా ఒకసారి బస్సెక్కి వెళ్ళి పొగాకు నీళ్ళతో నేనే తుడుస్తాను. మేడమ్ లిమ్ భోజనం పెట్టి పంపిస్తుంది.

పోయినసారి వెళ్ళినప్పుడు అక్కడ కిషోర్ కనిపించాడు. భార్యాపిల్లలతో ఆదివారం భోజనానికి వచ్చాడు. ఇప్పుడేదో బ్యాంకులో పెద్ద ఉద్యోగమట, మళ్ళీ మనిషి నిండుగా ఉన్నాడు. ఏరి కోరి నైరుతి స్తంభం పక్కనే కూర్చున్నాడు. నన్ను చూసి ఆప్యాయంగానే పిలిచాడు, పిల్లలకి పరిచయం చేశాడు. వాళ్ళు చేప ముల్లు తీసుకుంటూ, "హాయ్ అంకుల్," అన్నారు.

"మూర్తి గారూ, ఇక్కడైనా ఎత్తించారా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"లేదండీ. అదే దిమ్మ, అదే స్తంభం."

చుట్టూ చూశాడు. ఒక్క టేబులూ ఖాళీ లేదు, బయట జనం నిలబడి ఉన్నారు. "మరి ఈవిడ వ్యాపారం ఎలా నడుస్తోంది?"

"చేపలు బాగా వండిస్తుందండీ."

కిషోర్ నమలడం ఆపి కాసేపు ఆలోచించాడు. ఒక్క క్షణం నాకు ఆశ కలిగింది, ఒట్టు. తరువాత అతను తల పంకించి, "చైనీస్ వాళ్ళకి మన వాస్తు వర్తించదులెండి," అని చేప తల ప్లేట్లోకి లాక్కున్నాడు.

నేను బకెట్ తీసుకుని స్తంభం దగ్గరికి వెళ్ళాను. అతని చొక్కా మీద పొగాకు నీళ్ళు పడతాయని, కాస్త జరగమన్నాను.